నల్లకోటు సిపాయికి వెలుగు రంగు

నాయనా మురళీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ వేలెడంత బొమ్మ సిపాయిలతో బల్ల మీద ఆడతామని నీ స్నేహితులు ఊరిగాంలో మన ఇంటికి వచ్చారు. రంగు పూర్తికాని సిపాయిని ఆటలో దించకూడదని మీ కట్టుబాటు. ఒక్కడి నల్లకోటు మడతలు తేలి కనబడేటట్లు పైన వేసే వెలుగు రంగు నువ్వు వేయలేదు.

"అంచులకు సన్నగీతలు గీస్తారామ్మా?" అని వాళ్లలో సెల్వం అడిగాడు.

"నా చెయ్యి వణుకుతాదప్పా. మురళి మాదిరే బ్రష్షు తుడిచి పొడిగా రుద్దుతా."

"అయితే తెలుపు వద్దమ్మా, గోడకు సున్నం కొట్టినట్లు ఉంటాది!"

బ్రష్షుకు బూడిదరంగు అద్ది, గుడ్డకు తుడిచి, ఊపిరి బిగబట్టి రుద్దాను. చెడితే దిద్దడానికి నువ్వు లేవు. మడతల మీద మాత్రమే అంటింది.

ఆటలో మొదట దెబ్బతిని పడింది ఆ నల్లకోటువాడే. పడినవాణ్ణి బల్ల మీద నుంచి తీసేయాలట. ఎవ్వరూ చెయ్యి చాపలేదు. "ఆడండప్పా" అని నేనే తీశాను.