నీ పన్నెండు ఫోటోలు నా దగ్గరున్నాయి

అన్నయ్యా,

స్టూడియో తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను. పొద్దున పాస్‌పోర్ట్ ఫోటోలకు ఇద్దరొస్తారు, వాళ్ళను పంపించేసి షట్టర్ దించెయ్. నాలుగింటికల్లా నువ్వు ఫోటోగ్రాఫర్ల సంఘం హాల్లో ఉండాలి. ఎగ్జిబిషన్‌కు కొత్తవాళ్ళను ఎంపిక చేస్తున్నారు. కొట్టు పెట్టకముందు తీసి నువ్వు బీరువా అడుగున పడేసిన రేవు కూలీల ఫోటోలు పన్నెండూ నేనే పట్టుకెళ్తున్నాను. తీసినవాళ్ళు ఎదురుగా ఉంటేనే చూస్తారట. చెప్పకుండా తీసుకెళ్ళినందుకు తిట్టాలనిపిస్తే అక్కడికే వచ్చి తిట్టు.

నన్ను చదివించాలని ఎనిమిదేళ్ళు ఆ కొట్టు దాటి బయటికి రాలేదు నువ్వు. నాకు ఉద్యోగమొచ్చి ఏడాదైంది. ఇంకా నా పేరు చెప్పి తప్పించుకోకు.

చెల్లి

మరిచాను, నీలం చొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. గడ్డం గీసుకో. నీ ఎగ్జిబిషన్ అప్లికేషన్‌లో వృత్తి అన్నచోట 'స్టూడియో ఓనర్' అని కాదు, 'ఫోటోగ్రాఫర్' అని రాశాను. దాన్ని అబద్ధం చెయ్యకు.