రేడియో ఎదుట వేసుకున్న పీట

మద్రాసు

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు మీ రాజ్యం నమస్కారాలు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మన మాచర్లలో మిరప కోతలు అయిపోయాయా? నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. రేషను బియ్యం వాసనకూ ఈ ఉక్కపోతకూ ఇంకా అలవాటు పడలేదు, అంతే. బళ్ళో నేను "ఏంది" అంటే పిల్లలు నవ్వుతారు. వాళ్ళు నవ్వినా పాఠం నేర్చుకుంటున్నారు.

"ఉద్యోగం మాని వచ్చెయ్యి" అని మీరు రాసిన ఉత్తరం అందింది. చిన్నాన్న మీకు ఏం రాశారో ఊహించగలను. జరిగింది నేను చెబుతాను.

ప్రతి బుధవారం సాయంత్రం యుద్ధవార్తలయ్యాక రేడియోలో పూర్వపు రాజుల కాలం నాటకం వస్తుంది. చిన్నాన్న, ఆయన స్నేహితులు హాల్లో కుర్చీల్లో కూర్చుని వింటారు. పిన్నీ నేనూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినాలి. ఈ ఇంటి ఆచారమది. రాజు అరుస్తాడు కనక వినబడతాడు. రాణి మాట పోపులో కలిసిపోతుంది.

ఇప్పటి కథ రెడ్డిరాజుల నాటి ఒక కొండకోట ముట్టడి. ఎలా చెప్పను నాన్నగారూ! మన ఊరి నాటకంలో రాణికి మీసం గొరిగిన గుర్తు కనిపించేది. ఇక్కడ రాణిది ఆడగొంతే, ముసలి కావలివాడిది ముసలి దగ్గే. గుర్రాలు దగ్గరికొస్తుంటే కాళ్ళ కింద గచ్చు అదురుతుంది. ఆ కావలివాడు, "ఏందిరా, తలుపు తీస్తే చానా తలకాయలు లేస్తయ్!" అన్నాడు. ఈ ఊరొచ్చాక నాతో మన మాట మాట్లాడిన మొదటి మనిషి అతనే. కళ్ళనీళ్ళు తిరిగాయి.

అంతలో నాటకంలో కోట సేనాపతి భార్య ఏదో అన్నది. పోపు చిటపటలాడింది. ఇక ఓపిక లేక, పీట తీసుకెళ్ళి రేడియో ఎదుట వేసుకున్నాను.

కోపమొస్తే చిన్నాన్నకూ మన మాటే వస్తుంది. "ఏందమ్మాయ్, మగాళ్ళ మధ్యకొచ్చి కూర్చున్నావు?"

"మధ్యలో ఉన్నది రేడియో, చిన్నాన్నా. నేను దానికోసమే వచ్చాను."

"పల్నాటి పిల్ల కదా, పౌరుషం!" అని ఒకాయన వెక్కిరించాడు.

"కాస్త ఆగండి, ఆవిడ మాట్లాడుతోంది" అన్నాను. నిజంగానే ఆవిడ కోట తలుపు తియ్యనంటోంది.

కాసేపటికి పిన్ని కూడా వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. "ఇన్నాళ్ళూ గుర్రాలొస్తుంటే నూనె ఎక్కువ కాగిందనుకున్నానే!" అన్నది. పప్పు మాడింది. అందరూ అదే తిన్నారు. నా నేరమింతే.

చిన్నాన్నకు క్షమాపణ చెప్పమని కూడా మీరు రాశారు. చెప్పను. ఉద్యోగమూ మానను. వచ్చే నెల తోటి పంతులమ్మ గదిలోకి మారుతున్నాను. ఆ మాట చెబితే పిన్ని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "బుధవారం పీట నేనే వేసుకుంటాలే" అన్నది.

నాయనమ్మకు నా దణ్ణాలు. మన చెట్టు కుంకుడుకాయలు ఎవరైనా వస్తుంటే పంపండి.

"మీ అమ్మదీ ఇదే మాట" అని రాశారు. నాన్నగారూ, అది మీ గొంతు. దయచేసి ఈ ఉత్తరం అమ్మకు పైకి చదవండి, పప్పు మాడిన ముక్కతో సహా. అమ్మ ఏమంటే అది అన్నట్టే రాయండి. తిడితే తిట్టు తిట్టులాగే రాయండి. అమ్మ రమ్మన్నా నేను రాను. కానీ అది అమ్మ మాటేనని నమ్ముతాను.

మీరు ఆశీర్వదించినా అలిగినా మీ కూతురే,
రాజ్యం