సేనాపతి భార్య తలుపు దాకా వచ్చింది

గ్రంథాలయం మేడమ్ గారికి,

ఓవర్సీరుగా రిటైరైన కార్డు నంబరు 212 నమస్కరించి రాయునది. మోకాళ్లు మెట్లు దిగనివ్వడం లేదు, అందుకే పోస్టులో రాస్తున్నాను.

మీరు పంపిన కోట నవల చదివాను. నూట నలభయ్యో పేజీ దాకా ఏం రాశాడండీ ఆ మహానుభావుడు! సున్నం ఎన్నాళ్లు నానాలో, గోడ ఎంత మందం ఉండాలో, అన్నీ కాగితం మీద లెక్క కట్టి చూశాను. అంగుళం తేడా లేదు. కోట కట్టించే సేనాపతి భార్య జ్వరంతో పోయినప్పుడు కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. తీరా పేజీ తిప్పితే ఏముంది? ఆవిడ వంటింట్లో కూర్చుని జడ వేసుకుంటోంది! చచ్చిన మనిషండీ! పైగా ఆవిడ చెయ్యి తగిలితే రాళ్లు వాటంతటవే లేచి గోడెక్కుతాయట. ముప్పై నాలుగేళ్లు గోడలు కట్టించినవాణ్ణి, నాకా ఈ కబుర్లు? అక్కణ్ణుంచి తొమ్మిది మూరల గోడ ఏడు మూరలైంది. కాగితం మారింది, అక్షరాలు టైపు మిషనువిలా ఉన్నాయి. రచయితకి మతి, ప్రచురణకర్తకి కాగితం ఒకేసారి అయిపోయినట్టున్నాయి.

ఇట్లు,
కార్డు నంబరు 212

తా.క.: ఇంకో వారం గడువు ఇవ్వండి. "భోజనం మానేసి ఈ గీతలేంటి?" అని ఆవిడ సేనాపతిని కసిరే పేజీ మళ్లీ చూడాలి. తప్పులు పట్టడానికే.

*

గౌరవనీయులైన 212 గారికి,

మీ ఫిర్యాదు చదివాను. రెండుసార్లు చదివాను. మాయలు గిట్టని పాఠకుడికి ఆ పుస్తకం ఇవ్వడం మాదే పొరపాటు. వెంటనే తిప్పి పంపండి, బీరువాలో పెట్టి తాళం వేస్తాం. బదులుగా మురుగుకాలువల నిర్మాణం మీద ఒక చక్కటి పుస్తకం పంపుతున్నాను. అందులో చనిపోయినవాళ్లెవరూ లేచి రారు.

భవదీయురాలు,
గ్రంథాలయ నిర్వాహకురాలు

తా.క.: రచయితకి మతి పోయిందన్నారు. ఎంతవరకు పోయిందని మీ అంచనా?

*

మేడమ్ గారూ,

తిట్టాను గానీ తిప్పి పంపుతానన్నానా? మా అమ్మాయి రోజూ వాళ్లాయన్ని తిడుతుంది, అంతమాత్రాన వదిలేసిందా?

అసలు సంగతి చెబుతా. మా ఆవిడ పోయి రెండేళ్లు. మూడు గదుల్లోనూ నా దగ్గు నాకే వినిపిస్తుంది. పొద్దున్నే రెండు గ్లాసులు కడుగుతాను, ఒకటి వాడకపోయినా. ఆ పుస్తకంలో సేనాపతి భార్య వచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆవిడ రాని పేజీలు మాత్రం గబగబా తిప్పేస్తాను. పచ్చి అబద్ధమని తెలుసు, అయినా ఇంకాస్త చెబితే బాగుండనిపిస్తుంది. తీరా కోట పూర్తయిన రోజు ఆవిడ తలుపు దాకా వచ్చి గొళ్లెం మీద చెయ్యి వేసింది. అంతే, పేజీ తిప్పితే వెనకట్ట! లోపలికి వచ్చిందా లేదా? చివరి పేజీలు పంపండి.

ఇట్లు,
212

తా.క.: మురుగుకాలువల పుస్తకం చాలా ఉపయోగపడింది. బల్ల కాలి కింద పెట్టాను, ఊగడం ఆగింది.

*

212 గారికి,

ఆ పుస్తకానికి చివరి పేజీలు లేవు. దయచేసి పుస్తకం పంపేయండి.

నిర్వాహకురాలు

తా.క.: గోడ ఏడు మూరలవడం టైపు పొరపాటు. అంటే, అచ్చు పొరపాటు.

*

మేడమ్,

లేవంటే ఎలా? పైకప్పు లేకుండా ఇల్లు అప్పగిస్తే నన్ను ఉద్యోగంలో ఉంచేవారా? రచయిత అడ్రసు ఇమ్మని ప్రచురణకర్తకి రాశాను. మీ పై ఆఫీసుకి ఇంకొకటి. రెండు కవర్లూ అంటించి పెట్టాను, శనివారం దాకా ఆగుతాను. ఆవిడ లోపలికి వచ్చిందో లేదో తెలియక ముద్ద దిగడం లేదు.

212

తా.క.: రచయితని తిడుతూ ఒక పేజీ నింపాను. చదివి చూసుకుంటే, మూడొంతులు ఆవిడ క్షేమం అడిగినట్టే ఉంది.

*

అయ్యా,

ఆ కవర్లు పోస్టులో వెయ్యకండి. ప్రచురణకర్త హడలిపోతాడు. ఆయన అచ్చువేసిన నవలలో సేనాపతి భార్య ఒక్కసారే చనిపోతుంది, మళ్లీ రాదు. సేనాపతి కోట పూర్తిచేసి, ఒంటరిగా ముసలివాడవుతాడు.

మా కాపీలో చివరి భాగం వాన నీళ్లకి ముద్దైంది. పాడైన పేజీల్ని ఇంకో కాపీ చూసి టైపు చేసి బైండరుకి ఇవ్వడం నా పని. మావారు పోయి అప్పటికి నెల. మొదటి వాక్యం ఉన్నదున్నట్టు కొట్టాను. రెండో వాక్యంలో ఆవిడ వంటింట్లో కూర్చుని ఉంది. నా వేళ్లే అలా కొట్టాయి. రోజూ మధ్యాహ్నం విరామంలో తలుపు వేసుకుని అరవై పేజీలు కొట్టాను. బైండరు చదవకుండా కుట్టేశాడు. నాలుగేళ్లలో ఆ పుస్తకం తీసుకున్నది మీరొక్కరే. మతిపోయిన రచయితని నేనే.

ముగింపు రాయాలని ఎన్నోసార్లు కాగితం ఎక్కించాను. ఆవిణ్ణి లోపలికి రప్పిస్తే అబద్ధం. వెనక్కి పంపే మాట కొట్టడానికి నాకు చేతులు రావు. చాలా భయంగా ఉంటుందండీ, ఆ పేజీ దగ్గర ఒక్కదాన్నే కూర్చోవాలంటే.

తప్పు నాదే. పై ఆఫీసుకి రాస్తే రాయండి. కానీ ముందు బుధవారం మధ్యాహ్నం మిషను తీసుకుని మీ ఇంటికి వస్తాను. ఏం జరిగిందో మీరు చెప్పండి, నేను కొడతాను.

మీ,
మతిపోయిన రచయిత్రి

తా.క.: మిషను చాలా బరువు. తట్టగానే తీయండి.