నాలుగో చప్పుడు

8 జూలై, మంగళవారం

రాయాలి. ఎదురింటికి తాళం ఉంది కదా అని పేజీ ఎగ్గొట్టకూడదు. ఆ ఇంటి నస్రీన్ ఆంటీకి మాటిచ్చా.

ఈ నోటుబుక్కు ఆమె ఇచ్చిందే. లోపలి అట్ట మీద ఆమె గుండ్రటి అక్షరాలు — "రోజుకొక పేజీ. తప్పులు నేనొచ్చి దిద్దుతా." వరంగల్‌లో తెలుగు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. నేను ఇక్కడే సింగపూర్‌లో, హౌగాంగ్‌లో పుట్టి, బడిలో హిందీ చదివి, పద్దెనిమిదో ఏట ఆమె వంటింటి బల్ల దగ్గర అ ఆలు దిద్దా. కిందటి నెల నేను "మంట ఆపాను" అని రాస్తే ఎర్రపెన్ను గీత. పక్కన — "మషీన్‌ను ఆపుతాం. మంటను ఆర్పుతాం."

ఇప్పుడు ఎర్రపెన్ను న్యూజిలాండ్‌లో ఉంది. చలికాలంలో. అంకుల్‌తో. ఐదు వారాలు.

సాయంత్రం నాలుగింటికి ఫోన్. అక్కడ ఎనిమిది, చీకటి.

"బిడ్డా, హీటర్ వస్తలేదు."

వెనక అంకుల్ — "అరె వస్తది, జరా ఆగు..."

"మొన్నటి సంది ఆగుతనే ఉన్న. చేతులు కొంకర్లు పోతున్నయి."

కొంకర్లు. కొత్త మాట. వేళ్ళు చలికి వంకర తిరిగి, చెప్పిన మాట వినకపోవడం. రాసుకున్నా. రాసుకున్నందుకు సిగ్గేసింది.

ఎందుకంటే ఆ ట్రైలర్‌ను ఎంచింది నేను. కారు వెనక తగిలించుకునే ఒక్క గది ఇల్లు. ఫొటోలు చూసి, "ఇది చాలు ఆంటీ, హీటర్ కూడా ఉంది" అని బుక్ చేసింది నేను. "నువ్వు చెప్పినవంటే చాలు" అన్నది ఆమె. అరవై రెండేళ్ళ మనిషి. మంచు చూడాలి ఆమెకు. "కింద పడి ఉన్నది కాదు. పడుతుంటె చూడాలె."

9 జూలై, బుధవారం

ట్రైలర్ యజమాని ఊళ్ళో లేడట. మెకానిక్ వచ్చే వారం గురువారం గాని రాడట.

అంకుల్ తేల్చేశారు — "శనివారం దాంక చూద్దం బేటీ. గాకుంటే డబ్బా వాపస్, టికెట్ మార్చి ఇంటికొస్తం. మీ ఆంటీ దగ్గు నేను వినలేను."

"నీకు ఏదైనా వినబడితే గదా" — ఆంటీ.

నిజమే. ముప్ఫై ఏళ్ళు ఓడల ఇంజన్ల మధ్య పనిచేసి అంకుల్ కుడిచెవి పోయింది, ఎడమది సగం పోయింది.

అమ్మకు చెప్పా. "నువ్వే కదా బుక్ చేశావు, నువ్వే చూడు" అంది, రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా. కోపం కాదు అది. నమ్మకం కూడా కాదు. మధ్యలో ఏదో. దానికి మాట వెతకాలి.

ట్రైన్‌లో కూర్చుని ఫోన్‌లో ఆ హీటర్ పుస్తకం మొత్తం చదివా. అర్థమైంది ఇక్కడ రాసుకుంటే తప్ప నిలవదు —

ముందు ఫ్యాన్ తిరగాలి. ఆ గాలికి లోపల గోరంత రేకు ఒకటి లేచి స్విచ్‌ను తాకాలి. తాకితేనే నిప్పురవ్వలు రాలతాయి, సిలిండర్ నుంచి గ్యాస్ వస్తుంది. మంట అంటుకుంటుంది. గాలి ఆడకుండా మంట వెలగకూడదని ఆ ఏర్పాటు. ఎంత తెలివి, గోరంత రేకుకి!

ఇంగ్లీషులో ఆ రేకును సెయిల్, అంటే తెరచాప, అంటారు. ముచ్చటేసి వెంటనే మెసేజ్ పెట్టా — అంకుల్, తెరచాప కదులుతోందో లేదో చూడాలి.

అరగంట తర్వాత ఆంటీ — "మీ అంకుల్ టార్చి పట్టుకొని డబ్బా చుట్టు తిరుగుతున్నడు. గుడ్డ ఎక్కడ కట్టిన్రో కనబడ్తలేదంట."

నా తప్పే. మాట అందంగా ఉంటే సరిపోదు, అవతలి మనిషికి వస్తువు కనబడాలి.

10 జూలై, గురువారం

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో గ్యాస్ పరికరాలు చూసుకునే అంకుల్‌ని అడిగా. "హీటర్? సింగపూర్‌లో ఎందుకు లా?" అని ఇక్కడి యాసలో అడిగి పెద్దగా నవ్వారు. తర్వాత నవ్వు మానేసి కూర్చోబెట్టి చెప్పారు. గ్యాస్ గొట్టాల జోలికి వాళ్ళు గాని నేను గాని పోకూడదు. విషవాయువు అలారం ఉందో లేదో ముందు చూడాలి. ఆ తర్వాతే ఏదైనా. "మెషీన్ ఏం చేస్తోందని అడగకు. ఏ పని దగ్గర ఆగిపోతోందని అడుగు."

ఫోన్ చేసి అడిగా. ట్రైలర్‌లో అలారం ఉంది. మీట నొక్కితే అరిచింది. అంకుల్‌కి కూడా వినబడింది.

ఎక్కడ ఆగుతోంది? కళ్ళతో చూడలేరు, లోపల ఉంది. చెవులతో వినాలి. చెవులు ఆంటీవి.

"చెప్పండి ఆంటీ. మీట వేశాక ఏం చప్పుడు?"

"గుయ్యిమంటది."

"తర్వాత?"

"గుయ్యిమంటనే ఉంటది. ఎంతసేపు ఇనాలె?"

"టక్ అని వినబడిందా? చిన్నగా?"

"లేదు. టక్కు లేదు, టిక్కు లేదు."

అంకుల్ — "మషీన్ నాకు తెల్వదా? ఓడ ఇంజన్లు విప్పినోణ్ణి!"

"ఓడలు సముద్రంల ఉన్నయి. నువ్వు చలిల ఉన్నవ్. సప్పుడు చెయ్యకు, ఇననియ్యి."

నాలుగు చప్పుళ్ళు ఉండాలి. పేజీ మీద పెద్దగా రాశా —

గుయ్ — ఫ్యాన్.
టక్ — రేకు.
టిక్ టిక్ టిక్ — నిప్పురవ్వ.
భగ్ — మంట.

చదివి వినిపిస్తే నాలుగో దాని దగ్గర ఆపింది. "భగ్గుమనేది గడ్డివాము బిడ్డా. ఇంత చిన్న మంట గుప్పుమంటది." కొట్టేసి, గుప్ అని రాశా. వణుకుతున్న మనిషి కూడా దిద్దడం మానలేదు.

కాబట్టి మొదటి చప్పుడు ఉంది, రెండోది లేదు. గ్యాస్ తప్పు కాదు, స్టవ్ బాగానే వెలుగుతోంది. రేకు లేవట్లేదు. గాలి చాలట్లేదా? బ్యాటరీ ఎంతో చూడమన్నా. పదకొండున్నర వోల్టులు. తక్కువే! ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. ట్రైలర్ నిలిపిన క్యాంపులో కరెంటు ఉంది, తీగ తగిలించమన్నా. రేపటికి నిండుతుంది. దొరికినట్టే!!

(ఆశ్చర్యార్థకం ఒకటి చాలంటుంది ఆంటీ. ఈరోజుకి రెండు.)

11 జూలై, శుక్రవారం

దొరకలేదు.

బ్యాటరీ పదమూడు దాటింది. గుయ్ ఉంది. టక్ లేదు.

ఇంకా ఘోరం. వీడియోలో ఆంటీ వెనక నీలం వెలుగు కనబడింది. స్టవ్. రెండు పొయ్యిలూ వెలిగించి, చేతులు కాచుకుంటున్నారు. కిటికీలన్నీ మూసి.

అరిచాను. ఆంటీ మీద, జీవితంలో మొదటిసారి. "ఆర్పండి! ఇప్పుడే ఆర్పండి! తలుపు తీయండి!"

ఆర్పారు. తీశారు. చల్లగాలి ఫోన్‌లోంచి వినబడింది. ఆ చిన్న గదిలో స్టవ్ మండితే ఏం జరుగుతుందో మెల్లగా చెప్పా. ముందే చెప్పి ఉండాల్సింది. ల్యాబ్ అంకుల్ నాకు చెప్పినదంతా నేను వాళ్ళకు చెప్పలేదు. చప్పుళ్ళకు పేర్లు పెట్టుకుంటూ కూర్చున్నా.

సారీ ఆంటీ అన్నా.

ఆంటీ — "మంచిగనే అరిసినవ్ బిడ్డా. ఆర్పండి అన్నవ్. ఆపండి అనలే."

ఫోన్ పెట్టేశాక ఏడ్చా. నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి వచ్చేదానికి ఏమంటారో అడగాలి.

రాత్రికి వాళ్ళు క్యాంపు వంటగదిలో హీటర్ పక్కన బెంచీల మీద పడుకుంటారట. రేపు శనివారం.

12 జూలై, శనివారం

పొద్దున్నే లేచి మొదటి రోజు వీడియో మళ్ళీ పెట్టా. ట్రైలర్ తీసుకున్న రోజు ఆంటీ పంపింది — "చూడు మా మహల్". అప్పుడు హీటర్ పనిచేసింది, యజమాని వేసి చూపించాడు.

గది ఫ్యాన్ ఆపి విన్నా. చెమట కారుతోంది. అందులో గుయ్ సన్నగా, తేలిగ్గా ఉంది.

నిన్న ఫోన్‌లో రికార్డు చేసుకున్నది విన్నా. అది గుయ్ కాదు. లావుగా, అడుగునుంచి వస్తోంది. మూలుగు.

ఆంటీకి రెండూ వరసగా పంపా. "అవును" అంది వెంటనే. "ఇది ముక్కు మూసుకున్న పిల్లగాని లెక్క మూలుగుతున్నది."

ముక్కు!

హీటర్‌కి ముక్కు ఎక్కడ? మొదటి వీడియో ఆపి ఆపి చూశా. మంచం కింద, నేలకు ఆనుకుని, జల్లెడలాంటి రేకు. గాలి లోపలికి పీల్చుకునేది అక్కడే. పుస్తకంలో కూడా ఉంది, పదకొండో పేజీ, దాని ముందు ఏమీ పెట్టరాదని.

"అంకుల్, మంచం కింద ఏముంది?"

"కుచ్ నహీ బేటీ. ఖాళీ."

"ఖాళీ ఏంది?" — ఆంటీ. "బియ్యం ఉన్నయి గదా."

"హా, బియ్యం."

"కుక్కర్ ఉన్నది."

"హా, కుక్కర్."

"కందిపప్పు, పచ్చడి సీసలు, నీ లావు జాకెట్టు రెండోది..."

నేను బుక్ చేసింది చిన్న ట్రైలర్. దిగిన రోజే ఇండియన్ కొట్లో ఐదు వారాల సామాను కొని, ఖాళీ జాగా వృథా ఎందుకని మంచం కింద కుక్కారు. పది కిలోల బియ్యం బస్తా, సరిగ్గా ముక్కు మీద.

"వేడి మషీన్ పక్కన ఉంటె పురుగు పట్టదనుకున్న" అంది ఆంటీ.

"చూసినవా బేటీ? నేనేమో మూడు రోజుల సంది ఇంజన్ల తప్పు దేవులాడుతున్న."

"బస్తా మోసుకొచ్చి పెట్టింది ఎవరు? నేనా?"

మీట ఆపించా. ఐదు నిమిషాలు ఆగమన్నా. సామానంతా బయటికి. జల్లెడకు అంటుకున్న దుమ్ము గుడ్డతో తుడిచారు. అలారం మళ్ళీ నొక్కి చూశారు. ఫోన్ నేల మీద పెట్టమన్నా.

మీట.

గుయ్... సన్నగా.

ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టా. ఐదు. ఆరు.

టక్.

అంత చిన్న చప్పుడు! అసలు విన్నానా?

"ఇన్నవా?" — ఆంటీ గుసగుస.

టిక్ టిక్ టిక్ టిక్

గుప్.

అంకుల్‌కి వినబడలేదు — "ఏమైంది? ఏమైంది? వచ్చిందా?" ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుని వేడిగాలి వచ్చే చోట పెట్టింది. "అల్లా!" అన్నారు. తర్వాత చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

టికెట్ మార్చట్లేదు.

13 జూలై, ఆదివారం

రాత్రంతా నడిచిందట. ఆగుతూ, తనే వెలుగుతూ. ఒక్క కిటికీ వేలెడంత తెరిచి పడుకున్నారు, నేను చెప్పినట్టే. బియ్యం బస్తా ఇప్పుడు కారు వెనక సీట్లో, బెల్టు పెట్టుకుని ప్రయాణం చేస్తోంది. ఫొటో వచ్చింది.

"వెచ్చగ నిద్రపోయిన బిడ్డా." ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు విన్నా.

14 జూలై, సోమవారం

సరస్సు దగ్గరికి వెళ్తారట రేపు. కొండ మీద. అక్కడ మంచు పడే సూచన ఉంది. అక్కడ కరెంటు లేదు. బ్యాటరీ ఒక్కటే.

వద్దనాలనిపించింది. అనలేదు. ఆమె అరవై రెండేళ్ళూ వచ్చి నా నాలుక మీద కూర్చున్నాయి. వద్దు అనే మాట ఎంత తేలిక! ఈసారి మాత్రం ముందే అన్నీ చెప్పా, ఒక్కటీ దాచుకోకుండా. స్టవ్ వంటకే. రోజూ అలారం నొక్కాలి. బ్యాటరీ పన్నెండుకి దిగితే సామాను సర్దుకుని కింది క్యాంపుకి వచ్చేయాలి, అరగంట దారి. టక్ వినబడకపోతే మళ్ళీ మళ్ళీ మీట వెయ్యొద్దు.

అంకుల్ కాయితం మీద రాసుకున్నారు. ఉర్దూలో. చదివి వినిపించారు, ఒక్కటీ తప్పలేదు.

"ఓడల కూడ కెప్టెన్ ఇంత గట్టిగ చెప్పలే" అన్నారు.

ఆంటీ — "నా స్టూడెంట్."

15 జూలై, మంగళవారం

నాలుగు దాటింది. ఏమీ లేదు.

నాలుగున్నర. ఏమీ లేదు. కొండ మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందని ముందే చెప్పారు. తెలుసు. తెలిసి ఉండటం వేరు.

4:52 — వాయిస్ మెసేజ్. నలభై సెకన్లు. ఫ్యాన్ ఆపా. కింద ఎవరో పిల్లలు బంతి ఆడుతుంటే కిటికీ కూడా మూశా. ముప్ఫై రెండు డిగ్రీలు. పేజీ మీద చెమట చుక్క పడి సిరా పాకింది.

మొదట ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. పాడైందేమో అనుకున్నా.

తర్వాత గుసగుస — "బిడ్డా. పడుతున్నది. ఇంటున్నవా? దీనికి చప్పుడే లేదు. దీనికేం మాట రాస్తవ్?"

మళ్ళీ ఆ ఏమీ లేనిది.

"ఖిడ్కీ బంద్ కర్, సలి లోపలికొస్తున్నది!" — అంకుల్. కిటికీ మూసుకున్న చప్పుడు. మీట.

గుయ్...

టక్.

టిక్ టిక్ టిక్ టి

అక్కడితో నలభై సెకన్లు అయిపోయాయి.

ఫోన్ చేశా. కలవట్లేదు.

అన్నీ కుదిరాయి, మూడూ వరసలో వచ్చాయి, గుయ్ సన్నగానే ఉంది, మూలుగు లేదు. నాలుగోది వచ్చే ఉంటుంది. ఏడోసారి వింటున్నా. మంచుకు మాట కోసం సగం పేజీ ఖాళీగా వదిలా. దాని కింద, పక్కపక్కనే —

గుయ్. టక్. టిక్ టిక్ టిక్.

ఇంకొక మాటకు చోటుంచి, పెన్ను మూత పెట్టకుండా కూర్చున్నా.