ఎడమకే తిరిగిన బండి

ప్రియమైన బావకి,

ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసా. ఓడలో నువ్వూ, నీ వంటగదీ, నీ వంట తిని కూడా నిక్షేపంలా ఉన్న ఆ జనమూ అంతా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు. కుళాయి కారడం ఆగింది, నేనే బిగించాను. పాత కారుకి క్లచ్ మార్పించాను. అత్తయ్య కొత్త ఫోను బాగా వాడుతోంది. మరీ బాగా. పొద్దున లేవగానే లోకంలోని రోగాలన్నిటికీ మందులు నాకు పంపిస్తుంది, పక్క గదిలోంచే.

నేను నేర్పే డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా ఒక రిటైరైన లెక్కల మాస్టారు చేరారు. గేరు మార్చే ముందు "మార్చమంటావా అమ్మా?" అని నా పర్మిషన్ అడుగుతారు. కుక్క అడ్డమొస్తే హారన్ కొట్టరు, అద్దాలన్నీ ఎక్కించి ఉన్న కారులోంచే "తప్పుకో నాయనా" అంటారు. ఆయనే ఒకరోజు బండి పక్కకి ఆపి, కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు:

"చిన్న సందేహమమ్మా. నది దగ్గరికి రాగానే మనం ఎప్పుడూ ఎడమకే తిరుగుతున్నాం. కుడివైపు వంతెన ఉంది కదా? నా పరీక్ష అవతలి ఒడ్డునే కదా?"

"అటు ట్రాఫిక్ ఎక్కువండీ."

"ఆదివారం పొద్దున కూడానా?"

లెక్కల మాస్టారితో అబద్ధం ఆడకూడదు బావా. అక్కడికక్కడే సరిచూసేస్తారు.

నువ్వు ఇంకోటి కూడా అడిగావు. నువ్వు ఓడ ఎక్కే రోజు నాకు జ్వరమని చెప్పి నిన్ను టాక్సీలో రేవుకి పంపేశాను కదా, నీ మీద నాకు కోపమా అని. దానికి జవాబు రాయలేక కుళాయి గురించీ క్లచ్ గురించీ రాస్తున్నాను చూడు. కోపం కాదు. జ్వరమూ కాదు. రేవుకి వెళ్లాలంటే ఆ వంతెన దాటాలి.

నువ్వు వెళ్లడానికి కొన్నాళ్ల ముందు, ఒక వానరోజు వంతెన మధ్యలో ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కన లారీలు కదిలినప్పుడల్లా కింద వంతెన ఊగుతోంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. కాసేపటికి తగ్గింది గానీ, మర్నాడు వంతెన కనపడగానే మళ్లీ అదే. ఆ తర్వాత ఎడమకి తిప్పేశాను. ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయే నా కొంప ముంచింది. మర్నాడూ ఎడమకే, ఆ మర్నాడూ ఎడమకే.

ఊళ్లోవాళ్లకి డ్రైవింగ్ నేర్పేదానికి వంతెనంటే భయమని తెలిస్తే నవ్వరూ? అందుకని ఎవరికీ చెప్పకుండా ఫోన్లో వెతికాను. ఒకాయన ఒంట్లో వేడి ఎక్కువైందన్నాడు. ఒకావిడ పోయిన జన్మలో నేను నీళ్లలో పడి చచ్చిపోయానంది. ఒకచోట ఏవో ప్రశ్నలకి జవాబులిస్తే, నాకు లేని జబ్బంటూ లేదని తేలింది. ఆఖరికి 'భయం మటుమాయం' అని ఒక పొడి తెప్పించాను. మాయమైంది నా ఆకలి.

అప్పుడు వెళ్లాను, వీధి చివర క్లినిక్‌కి. డాక్టరమ్మ గుండె చూసింది, రక్తపరీక్షలు చేయించింది. పొడి డబ్బా మూత తీసి వాసన చూసి, తన సొరుగులో పడేసుకుంది. మళ్లీ ఇవ్వలేదు.

"గుండె గట్టిగానే ఉంది. దీన్ని పానిక్ ఎటాక్ అంటారు. చాలామందికి వస్తుంది, తగ్గించుకునే దారులూ ఉన్నాయి" అంది.

"ఫోన్లో ఏమో..."

"ఫోన్లో మంచివీ ఉన్నాయమ్మా. రాసిందెవరు, వాళ్లేం చదివారు, ఎప్పుడు రాశారు, అది చూడు. ముందు భయపెట్టి, అక్కడే మందు అమ్మితే మూసెయ్. గుండెదడగా ఉన్నప్పుడు మాత్రం వెతక్కు, చెడ్డవే కంటికి ఆనుతాయి."

మంచి థెరపిస్టుని చూసుకోమంది. చదువేమిటి, రిజిస్ట్రేషన్ ఉందా, ఇలాంటి భయాలు ఇదివరకు చూశారా, ఏ పద్ధతిలో నయం చేస్తారు, అన్నీ ముందే అడగమంది. అలా అడిగితే ఏమనుకుంటారో అన్నాను.

"లైసెన్సు చూడకుండా నీ కారు ఎవరికైనా ఇస్తావా?" అంది. ఆ ప్రశ్నలన్నీ అక్కడే కాగితం మీద రాసుకున్నాను.

మొదట కలిసినాయన గదిలో పెద్ద సోఫా, గోడ నిండా ఆయన ఫొటోలే. కూర్చున్నది మొదలు తన గొప్పలే చెప్పాడు. ఒక్క సిట్టింగులో భయం పోగొడతానన్నాడు. ఏం చదివారని అడిగితే మొహం మాడ్చుకుని, "నమ్మకమే మందు" అన్నాడు. చెప్పులేసుకుని వచ్చేశాను. రెండో ఆవిడ మంచిది. నేను చెప్పింది ఓపిగ్గా విని, "నేను ఎక్కువగా చిన్నపిల్లల్ని చూస్తాను, మీకు ఇంకొకరు నయం" అని తనే వేరే పేరు చెప్పింది. ఆ మాటకి ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో.

ఆవిడ పంపినావిడ దగ్గరే ఆగాను. బొద్దుగా ఉంటుంది, జలుబు చేసి తుమ్ముతూనే నా ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పింది. హామీ ఇవ్వలేనంది. కొన్ని వారాల్లో మార్పు కనపడకపోతే ఇద్దరం కూర్చుని మళ్లీ ఆలోచిద్దామంది. చివర్లో నవ్వుతూ, "నాకు డ్రైవింగ్ రాదు, మీకు ఫరవాలేదా?" అంది.

"మరి నాకేం నేర్పుతారు?"

"డ్రైవింగ్ మీకు వచ్చు కదా. భయం వచ్చినప్పుడు పారిపోకుండా ఎలా ఉండాలో మాత్రం చూద్దాం."

ముందు ఒడ్డున నిలబడి వంతెనని చూడ్డం. తర్వాత కొంత దూరం నడక. తర్వాత బస్సు. బస్సులో కళ్లు గట్టిగా మూసుకున్నానని చెబితే, "ఈసారి తెరవండి" అంది, అంతే. ఒక్కోరోజు వెనక్కి వచ్చేసి ఏడ్చాను కూడా. అయినా మళ్లీ వెళ్లాను.

ఇంతలో మాస్టారి పరీక్ష రానే వచ్చింది. ఆయనకి నిజం చెప్పేశాను. "అయితే ఇద్దరం పరీక్షకే వెళ్తున్నామన్నమాట" అని ఆయనే స్టీరింగ్ పట్టుకున్నారు. వంతెన పొడుగునా, నేర్పేవాళ్ల కోసం నా వైపున్న బ్రేకు మీదే పాదం ఉంచాను. కానీ తొక్కలేదు. దాటాం. ఆయన పాసయ్యారు కూడా! ఆ ముసలాయన లైసెన్సు కాగితం పట్టుకుని పిల్లాడిలా గెంతారు.

తీరా బయల్దేరబోతే, "చేతులు వణికిపోతున్నాయమ్మా సంతోషంతో. నువ్వే పోనియ్" అన్నారు.

వెళ్లడానికి సిద్ధపడ్డాను గానీ, తిరిగి రావాలన్న సంగతే నాకు తట్టలేదు బావా! తిట్టుకుంటూ ఎక్కాను. మధ్యకి రాగానే దడ మొదలైంది. మొదలవనీ అనుకుని కళ్లు రోడ్డు మీద పెట్టి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ పోనిచ్చాను. పక్కన మాస్టారు ఏదో గొడవగా చెబుతూనే ఉన్నారు, ఒక్క ముక్క వినపడలేదు. ఇవతలి ఒడ్డుకి వచ్చి చూసుకుంటే నేను నవ్వుతున్నాను.

పూర్తిగా పోయిందని చెప్పను. మళ్లీ రావచ్చంది థెరపిస్టు. వస్తే ఏం చెయ్యాలో ఇప్పుడు తెలుసు. నువ్వు దిగే రోజు రేవుకి నేనే వస్తాను. తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద నెమ్మదిగా నడిపితే మాత్రం పక్కన కూర్చుని "జాగ్రత్త, జాగ్రత్త" అనకు. అక్కడే దింపేస్తాను.

నిన్న అత్తయ్యకీ అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చేతిలో ఫోను పక్కన పెట్టేసింది. తర్వాత మెల్లగా, "నేను లిఫ్టు ఎక్కనిది ఒంటికి మంచిదని కాదే. ఆ తలుపు మూసుకుంటే నాకు ప్రాణం పోయినట్టుంటుంది" అంది. ఇన్నేళ్లుగా మన నాలుగో అంతస్తుకి కాయగూరల సంచులతో మెట్లెక్కుతోంది బావా, మనకి తెలియలేదు.

ఇదిగో, ఇది రాస్తుండగానే థెరపిస్టుకి ఫోన్ చేసింది. "ఏం చదువుకున్నావమ్మా? రిజిస్ట్రేషన్ ఉందా?" అని గట్టిగా నిలదీస్తోంది. నేను నవ్వాపుకోలేకపోతున్నాను. ఇప్పుడు గొంతు తగ్గించి అడుగుతోంది: "మీ గది ఎన్నో అంతస్తులో ఉందమ్మా?"

ఇట్లు,
ముందు నీ మరదలు, ఆ తర్వాతే నీ భార్య