నల్ల ఇంజను పాట

మార్చి 3
బొమ్మ రైళ్ళు నడిపే డిజిటల్ కిట్ తెప్పించాను, ఇవాళ వచ్చింది. కంట్రోలర్ ఒకటి, ఇంజన్లు రెండు. మామగారింట్లో ఉంటూ ఇన్నేళ్ళూ ఆయన బొమ్మ రైళ్ళను దూరం నుంచే చూశాను. దర్జీ పని మానేశాక, బట్టలు కత్తిరించే బల్ల మీదే ఆయన పట్టాలు పరిచారు. అంచున సుద్దగీతలు ఇంకా ఉన్నాయి. నేను చెయ్యి చాపితే చాలు, అది ఆటబొమ్మ కాదు అల్లుడూ అంటారు. మా ఆవిడ బతిమాలితే ఇవాళ దిగివచ్చారు. సరే, ఆ కొత్త డబ్బా తగిలించుకో అన్నారు.

మార్చి 4
పరువు పోయింది. కంట్రోలర్ ఒక్కో ఇంజన్నీ దాని నంబరుతో పిలుస్తుంది, కొత్తవన్నీ మూడో నంబరుతోనే వస్తాయట. నాకు తెలిసి చస్తేగా. ఒకదాన్ని పిలిస్తే రెండూ బయలుదేరి వంపు దగ్గర గుద్దుకున్నాయి. మామగారు కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. అచ్చం నీలాగే ఉన్నాయి అల్లుడూ, ఎవరు పిలిచినా పరిగెత్తుతాయి అన్నారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఒళ్ళు మండిపోయింది.

మార్చి 6
షాపువాడు నంబరు మార్చడం నేర్పాడు. ఇంజనులో డీకోడర్ అని చిన్న చిప్ ఉంటుంది. ఒక్కో ఇంజన్నీ విడిగా ట్రాక్ ముక్క మీద పెట్టి కొత్త నంబరు ఇవ్వాలి. ఇంకో మాట కూడా చెప్పాడు. చిప్ లేని పాత ఇంజన్ని డిజిటల్ ట్రాక్ మీద వదిలేయకూడదట. కదలదు, సన్నగా మూలుగుతుంది, మోటారు లోపల్లోపలే మాడిపోతుంది.
మామగారి నల్ల ఇంజనులో చిప్ లేదు. అత్తగారు పోవడానికి ఏడాది ముందు ఆయనకు కొనిచ్చారు. పొద్దున లేవగానే ఆయన దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తారు.
ఇంటికొచ్చి నంబర్లు మార్చాను. రెండు ఇంజన్లూ చెప్పినట్టు విన్నాయి. ఆ రెండో మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మార్చి 7
ఇవాళా చెప్పలేదు.

మార్చి 9, సాయంత్రం
ఆయనే అడిగారు. నాదాన్ని కూడా నీ డబ్బాతో నడిపించు అన్నారు. పెట్టండి అన్నాను.
నల్ల ఇంజన్ని రెండు చేతులతో తెచ్చారు. గోరుతో ఒక్కో చక్రాన్నీ పట్టాల మీద సర్దారు. అది కదలలేదు. సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ఆయన మొహం వెలిగిపోయింది. పాడుతోంది, విన్నావా అన్నారు. మా ఆవిడ గుమ్మంలోంచి ఏంటా చప్పుడు అని అడిగింది. వేడెక్కుతోంది, కాసేపు అలా వదిలెయ్యాలి అన్నాను. అందులో సగం నిజమే.
టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. తొందరపడలేదు. అక్కడికీ వినపడుతూనే ఉంది. హాయిగా అనిపించింది, ఇక్కడ కూడా అబద్ధం రాయడం దేనికి?
కప్పులు పట్టుకుని వచ్చేసరికి కాలిన వాసన.

మార్చి 10
తిట్టలేదు. నేనే ఏదో తప్పు చేసుంటాను, నీ కొత్త సామానుకేం కాలేదు కదా బాబూ అన్నారు. ఆయన నోట బాబూ అన్న మాట ఇదే మొదలు. ఇకమీద బల్ల నువ్వే చూసుకో అన్నారు. గెలిచాను.

మార్చి 13
మా ఆవిడ నిన్న నల్ల ఇంజన్ని బాగుచేయించడానికి షాపుకు తీసుకెళ్ళింది. నాతో అనలేదు. అనుంటే వేరే షాపు చూపించేవాణ్ణి. మోటారు మాడిపోయిందమ్మా, మీవారికి ముందే చెప్పానే అన్నాడట వాడు.
ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది. గొంతు పెంచలేదు. నాన్నకు నేను చెప్పనులెండి, మిమ్మల్ని మంచోడనే అనుకోనీ అంది. బతికిపోయాను.
పొద్దున మామగారు గుడ్డ పట్టుకుని వచ్చారు. నల్ల ఇంజను లేదు కదా, బల్ల అంచు తుడిచి వెళ్ళారు.

మార్చి 14
భోజనం వడ్డిస్తూ మా ఆవిడ సన్నగా మూలిగింది. సరిగ్గా ఆ రోజు నల్ల ఇంజను మూలిగిన శ్రుతి. మామగారు తలెత్తి, ఇది ఎక్కడో విన్నానమ్మా అన్నారు. ఆయన్నడుగు నాన్నా, ఆయనకు బాగా తెలుసు అంది.
మామగారు ముద్ద ఆపి నా వైపు తిరిగారు.