గాలిలో యాభై నిమిషాలు

అక్కా,

నేను కులాసా. ఫోన్లో చెప్పే సంగతి కాదని కార్డు రాస్తున్నాను. ఇక్కడి ఎయిర్‌పోర్టు కౌంటర్లో, మీ ఊరికి విమానంలో ఎంతసేపని ఎవరడిగినా "మూడొందల కిలోమీటర్లు, యాభై నిమిషాలు" అని చిలకలా అప్పజెప్పేవాణ్ణి. పోయిన వారం ఒక పెద్దాయన నా మాట నమ్మి, ఆస్పత్రిలో ఉన్న భార్యకు "గంటలో నీ దగ్గరుంటా" అని ఫోన్ చేశాడు. తనిఖీలు, పడిగాపులు, అక్కడి రోడ్డు కలిపి ఐదు గంటలు పట్టింది. నిన్న తిరిగొచ్చి, "ఆఖరి ఊపిరిదాకా గడియారమే చూసిందట, బాబూ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత స్వెట్టరు ఎండలో వేయించు. నాన్న ఆపరేషన్‌కి గంటలో రెక్కలు కట్టుకుని వాలతానన్నాను కదా, అది మర్చిపో. ముందురోజు పొద్దున్నే బయల్దేరతాను. పిల్లలకు నా ఆశీస్సులు. నాన్నకు మాత్రం ఎన్నింటికొస్తానో చెప్పకు.

నీ తమ్ముడు